తాగుడు మానదలచినవాడు ఏ గడప తొక్కాలి?

వార్షిక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి అడిగినప్పుడు కవిత్వం నాకు చేతగాదన్నాను. అయితే వ్యాసమే ఇవ్వండి అన్నారు. పదిమందికి పనికొచ్చే సంగతి ఒకటి నా దగ్గర ఉంది గనుక ఒప్పుకున్నాను. మద్యపానం వల్ల కలిగే అనర్థాల మీద మన కాలేజీల్లో వక్తృత్వ పోటీ జరగని ఏడు లేదు. లివర్ చెడుతుందని, కాపురం కూలుతుందని, పిల్లలు వీధిన పడతారని బహుమతులు పుచ్చుకునేటంత బాగా మాట్లాడతాం. మిత్రులారా, తాగేవాడికి ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. వాడికి తెలియంది ఒక్కటే. ఏదో ఒక తెల్లవారుజామున, ఇక నావల్ల కాదు, మానాలి అని నిజంగా అనిపించినప్పుడు ఎక్కడికి పోవాలి? ఎవరి తలుపు తట్టాలి? ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నకు సంబంధించినది. నాది ఎమ్మిగనూరు. కాబట్టి కర్నూలు జిల్లా పడమటి ప్రాంతంలో, ముఖ్యంగా మా ఊళ్ళోనూ ఆదోనిలోనూ ఉండేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మా మామ నేతగాడు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు మాది. ఆ సేవకే ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. మామ మగ్గం మీద మంచి పనిమంతుడని పేరు. పడుగులో పోగు తెగితే రెండు వేళ్ళతో అతకాలి, కన్ను మూసి తెరిచేంతలో అయిపోవాలి. కొన్నేళ్ళుగా ఆయనకు పొద్దున పూట ఆ పోగు అందేది కాదు. చేతులు వణికేవి. ఒక గుక్క పడితేనే వణుకు ఆగేది, ఆగితేనే పోగు అతికేది. అంటే సరదాకు తాగే దశ ఎప్పుడో దాటిపోయి, పని చేయాలంటే తాగక తప్పని దశకు వచ్చాడన్నమాట. ఊళ్ళో వాళ్ళు దీన్ని తిన్నదరక్క పోయే పోకడ అంటారు. డాక్టర్లు జబ్బు అంటారు. రెండు రకాల మాటలూ విన్న తరువాత నేను డాక్టర్ల పక్షం.

మానడానికి ఆయన ప్రయత్నించలేదా అంటే, చాలా ప్రయత్నించాడు. ఊరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టు వేశాడు. ఎవరో ఇచ్చిన వేరుమందు మింగాడు. మూడేళ్ళు వరుసగా అయ్యప్ప మాల వేశాడు. మాల వేసిన 41 రోజులూ చుక్క ముట్టలేదు. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. పొద్దున లేస్తే వణికే మనిషి 41 రోజులు ఎట్లా ఉండగలిగాడు? దేవుని మహిమ అనేవారితో నేను వాదించను. కాని నా కంటికి కనబడినవి మరికొన్ని ఉన్నాయి. ఆ 41 రోజులూ ఆయన ఒంటరిగా లేడు. తెల్లవారక ముందే చన్నీళ్ళ స్నానం, సాయంత్రం భజన, తనలాంటి వాళ్ళే పదిమంది చుట్టూ. అందరూ ఆయనను ‘స్వామీ’ అని పిలిచేవాళ్ళు. మామూలు రోజుల్లో పేరు పెట్టి పిలిచినా ముఖం తిప్పుకునేవాళ్ళు కూడా. తాగమని పిలిచే స్నేహితుడు మాల చూసి దూరం జరిగేవాడు. మాల తీసిన సాయంత్రం ఈ చుట్టూ ఉన్నదంతా ఒక్కసారిగా మాయమయ్యేది. ఆ రాత్రికే ఆయన బ్రాందీ షాపు దగ్గర ఉండేవాడు.

నేను చెప్పబోయే మీటింగులు, నా అభిప్రాయంలో, తీయాల్సిన రోజు లేని మాల వంటివి. ఆ సంస్థ పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్. పొట్టిగా ఏ.ఏ. అంటారు. పేరు బయట పెట్టుకోని తాగుబోతులు అని అర్థం.

అది పుట్టిన కథ మనకు పనికొచ్చేదే గనుక చెబుతాను. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల వ్యాపారి అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికి ఒక కంపెనీ పని మీద వచ్చాడు. అప్పటికి తాగుడు మాని అయిదారు నెలలు. వచ్చిన పని చెడిపోయింది. చేతిలో డబ్బు లేదు, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు, హోటలు బార్‌లోంచి నవ్వులు వినబడుతున్నాయి. లోపలికి పోతే మళ్ళీ మొదటికి వస్తానని ఆయనకు తెలుసు. అప్పుడు ఆయనకు తట్టిన ఉపాయం విచిత్రమైంది: తనలాంటి తాగుబోతు ఇంకొకడు దొరికితే, వాడితో మాట్లాడితే, ఈ గండం గడుస్తుంది. హోటల్లో వేలాడదీసిన చర్చీల పట్టిక చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చి, వాళ్ళు మరొకరి పేరు చెప్పి, చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గర తేలాడు. ఆ డాక్టరూ చేతులు వణికే రకమే. పావుగంట కంటే కూర్చోనని వచ్చినవాడు గంటలకొద్దీ కూర్చున్నాడు. ఆ తరువాత ఒకసారి జారినా, 1935 జూన్ 10న తాగింది ఆయన చివరి గుక్క. ఆ తేదీనే ఏ.ఏ. పుట్టినరోజుగా లెక్కిస్తారు. మన దేశానికి అది 1957లో బొంబాయి ద్వారా వచ్చింది. మన కర్నూలు మెడికల్ కాలేజీ పుట్టిన సంవత్సరమూ అదే.

ఈ కథలో గమనించవలసింది ఏమంటే, మొట్టమొదటి మీటింగుకు కూడా అడ్రసు లేదు. ఎవడో ఒకడు తెలియని ఊళ్ళో ఫోన్లు చేసి వెతుక్కోవలసి వచ్చింది.

మీటింగు సంగతికి పోయే ముందు ఒక హెచ్చరిక. ఇది ఎవరూ దాటవేసి చదవవద్దు. ఏళ్ళ తరబడి రోజూ తాగే మనిషి ఉన్నట్టుండి ఒక్కపూటలో మానేస్తే ప్రాణానికే ముప్పు రావచ్చు. చివరిసారి తాగిన ఆరు గంటల నుండి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుండి నాలుగో రోజు దాకా కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనబడతాయి, గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, చచ్చిపోయిన వాళ్ళు పిలుస్తున్నారంటారు. మన పల్లెల్లో దీనికి గాలి సోకిందని పేరు పెట్టి తాయెత్తు కట్టించడానికి తీసుకుపోతారు. గాలీ కాదు, దయ్యమూ కాదు. తాగుడుకు అలవాటు పడిన మెదడు అది అందక చేసే గోల. సకాలంలో ఆసుపత్రిలో చేర్చి మందులిస్తే, బి-1 విటమిన్ ఎక్కిస్తే, చాలామంది నాలుగైదు రోజుల్లో తేరుకుంటారు. మామ ఒట్టు వేసి ఇంట్లోనే మానిన రెండో రోజున మగ్గం గుంతలోనే ఫిట్స్ వచ్చి పడ్డాడు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. కావున ముందు ఆసుపత్రి, ఆ తరువాతే మీటింగు. ఏ.ఏ.లో పాతకాపులు కూడా ఇదే చెబుతారు. అక్కడ మందులివ్వరు, వైద్యమూ చేయరు.

ఇంకొక మాట. బస్టాండు గోడల మీద ‘తాగేవారికి తెలియకుండా మాన్పించబడును’ అని కాగితాలు అంటించి ఉంటాయి. అన్నంలో కలిపే పొడి అట. అటువంటి వాటిలో ఏముందో చెప్పేవాడు ఉండడు. డైసల్ఫిరామ్ అనే అసలైన మాత్ర ఒకటుంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, రక్తపోటు పడిపోతుంది. డాక్టరు ఇస్తే, మనిషి తెలిసి ఒప్పుకుని వేసుకుంటే అది మంచి మందే. తెలియకుండా కలిపితే హత్యాప్రయత్నంతో సమానం. మా అత్త ఆ కాగితం నంబరు రాసుకుని కొంగున కట్టుకుంది. నేనే విప్పి పారేశాను.

ఆసుపత్రిలో పది రోజులున్నాక డిశ్చార్జి చేస్తూ డాక్టరుగారు అన్నారు: ‘ఒంట్లోంచి మందు పోయింది. తలలోంచి పోవడానికి టైము పడుతుంది. ఏ.ఏ. మీటింగుకు పంపండి.’ ఎక్కడ అంటే, కనుక్కోండి అన్నారు. ఆ కనుక్కోవడమే ఇప్పుడు చెబుతున్నాను.

మొదటి దారి ఏ.ఏ. వారి సొంత జాబితా. వారి జనరల్ సర్వీస్ ఆఫీసు ముంబైలో ఉంది. ఇంటర్నెట్‌లో వారి సైటులో రాష్ట్రాల వారీగా, ఊళ్ళ వారీగా గ్రూపులు, ఫోన్ నంబర్లు ఉంటాయి. అయితే జాబితాలో ఉన్నంత మాత్రాన తలుపు తెరిచి ఉంటుందని అనుకోకూడదు. ఈ గ్రూపులకు సొంత భవనాలుండవు, జీతగాళ్ళుండరు. గది మారుతుంది, వారం మారుతుంది, నడిపేవాడికి బదిలీ అవుతుంది. కాబట్టి బస్సెక్కే ముందు తప్పకుండా ఫోన్ చేయాలి. రెండో దారి ఆసుపత్రే. ఏ పెద్దాసుపత్రిలోనైనా మానసిక వైద్యం ఓ.పి. దగ్గర క్యూలో నిలబడ్డవాళ్ళలో తాగుడు మానిన పాతవాడు ఒకడైనా ఉంటాడు, ఫాలో-అప్‌కు వచ్చి ఉంటాడు. డాక్టరుకు తెలియని సంగతులు వాడికి తెలుసు. నర్సును అడిగినా చెబుతుంది. మాకు పనికొచ్చింది ఈ దారే. మూడోది చర్చి. మతంతో నిమిత్తం లేకుండా చాలా ఊళ్ళలో ఈ మీటింగులకు గది ఇచ్చేది చర్చీలు, వాటి బడులు. పాదరీగారిని అడగడానికి మొహమాటం అక్కరలేదు. ఫోన్ ద్వారా మొదలుపెట్టాలనుకుంటే, మత్తు అలవాట్ల విషయమై కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత నంబరు 14446. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ-మానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడవచ్చు.

సుగ్గికి పోయేవాళ్ళకు ఇంకొక సౌకర్యం ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఎన్ని కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు కట్టడాలకు పోతాయో మీకు తెలుసు. ఊరు విడిచిన చోట తాగుడు పెరుగుతుంది. చూసేవాళ్ళు లేరు, సాయంత్రమైతే చేతిలో కూలి డబ్బుంది. కాని బెంగళూరు, హైదరాబాదు, చెన్నై వంటి నగరాల్లో ఏ.ఏ. గ్రూపులు చాలా ఉన్నాయి, వారంలో ఏ రోజైనా ఎక్కడో ఒకచోట మీటింగు దొరుకుతుంది. ఆ అవకాశాన్ని మనవాళ్ళు వాడుకోవడం లేదు. తెలియక.

డబ్బు సంగతి. ఏ.ఏ.లో చేరడానికి ఫీజు లేదు. చివర ఒక డబ్బా తిప్పుతారు, పదో ఇరవయ్యో వేస్తే టీకి, గది అద్దెకు సరిపోతుంది. లేనివాడు వేయడు. బయటివాళ్ళ విరాళాలు వారు పుచ్చుకోరు, అది వారి కట్టుబాటు. కనుక ‘మా సెంటర్లో ఏ.ఏ. ఉంది, నెలకు ఇంత’ అని ఎవరైనా అంటే ఆ ఇంత ఆ సెంటరుకే గాని ఏ.ఏ.కు కాదు. ప్రైవేటు మాన్పుడు కేంద్రాల్లో మంచివీ ఉన్నాయి, మనిషిని గదిలో పెట్టి తాళం వేసేవీ ఉన్నాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం కింద అటువంటి కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. చూపించమని అడగడం మన హక్కు.

మామను తీసుకుని నేను బెంగళూరు పోయాను. మా పెద్దమ్మ కొడుకు అక్కడ మేస్త్రీ. మూడు వారాలు వాళ్ళింట్లో ఉన్నాం. మొదటి సాయంత్రం ఒక చర్చి వెనక రేకుల గది. పదకొండు కుర్చీలు, ఒక ఫ్లాస్కు, గోడకు రెండు అట్టలు. వెళ్ళేముందు మామకు ఉన్న భయం ఏమిటంటే పేరు, ఊరు, కులం రాసుకుంటారేమో అని. ఎవ్వరూ ఏమీ రాసుకోలేదు. ఎవరి అసలు పేరు వాళ్ళు చెప్పవచ్చు, చెప్పకపోవచ్చు. వచ్చిన ప్రతివాడూ వంతు వచ్చినప్పుడు నా పేరు ఫలానా, నేను తాగుబోతును అని మొదలుపెట్టాడు. మన దగ్గర తాగుబోతు అనేది తిట్టు. పక్కవాడు అంటే కత్తులు దూసుకుంటాం. అక్కడ అదే మాట, ఎవడి నోటితో వాడే అనుకున్నప్పుడు, ఆసుపత్రిలో జబ్బు పేరు చెప్పినట్టు వినబడింది. ఒకడు మాట్లాడుతుంటే రెండోవాడు అడ్డురాడు, సలహా చెప్పడు, వాదించడు. మా పెళ్ళిళ్ళ పంచాయితీలు చూసిన నాకు ఇది అన్నిటికంటే పెద్ద అద్భుతంగా తోచింది. గంటన్నరకు అయిపోయింది.

కన్నడం, తమిళం కలగాపులగంగా జరిగింది. సరిహద్దు వాళ్ళం గనుక కన్నడం మాకు అర్థమవుతుంది. చిత్తూరు వైపు ఆయన ఒకరు తెలుగులో మాట్లాడారు. పొద్దున చేతులు వణికితే గ్లాసు పట్టుకోలేక తువ్వాలు మెడకు చుట్టి, ఆ తువ్వాలు కొసతో గ్లాసును నోటి దాకా లాక్కునేవాడినని చెప్పారు. మామ తల దించుకున్నాడు. బయటికొచ్చాక బస్టాపులో అన్నాడు: ‘వాళ్ళు నా కతే చెప్తాండారు గదరా అల్లుడా! వాళ్ళకెట్ల తెలిసె?’

ఈ మీటింగుల్లో రెండు రకాలు. అందరూ రాదగినవి కొన్ని, తాగుడు సమస్య ఉన్నవాళ్ళకు మాత్రమే కొన్ని. తోడుగా పోయేవాళ్ళు మొదటి రకం ఏదో ముందుగా అడిగి పోవాలి. చేరడానికి కావలసిన అర్హత ఒక్కటే, తాగుడు మానాలనే కోరిక. మానేసి ఉండాలని కూడా లేదు. వారికి పన్నెండు మెట్లని ఒక పద్ధతి ఉంది. తన వల్ల కాదని ఒప్పుకోవడంతో మొదలై, చేసిన అన్యాయాల లెక్క రాసి, సరిదిద్దగలిగినవి సరిదిద్ది, చివరికి ఇంకొక తాగుబోతుకు చేయి అందించడం దాకా. ముందు నడిచిన పాతవాడు ఒకడు కొత్తవాడి బాధ్యత తీసుకుంటాడు, స్పాన్సర్ అంటారు. అర్ధరాత్రి మనసు పీకితే ఫోన్ చేయాల్సింది ఆయనకే. బతుకంతా మానేస్తానని ఒట్టు వేయించరు. ఈ ఒక్క రోజు అంటారు. రేపటి సంగతి రేపు.

దేవుడి ప్రస్తావన ఉంది గనుక నాస్తిక మిత్రులకు కొంత ఇబ్బంది. ఎవరి దేవుణ్ణి వారే తెచ్చుకోవచ్చు, దేవుడు లేడనేవాళ్ళు గ్రూపునే తమకంటే పెద్ద శక్తిగా అనుకోవచ్చు అంటారు. బెంగళూరు గదిలో అల్లా పేరు తలచినవాడు, ఏసు పేరు తలచినవాడు, ఏ పేరూ తలచనివాడు పక్కపక్కన కూర్చోవడం నేను చూశాను. ఆదోని వంటి ఊరికి అది కొత్త కాకూడదు.

ఇది నిజంగా పని చేస్తుందా? చదువుకున్నవాళ్ళం, అడగవలసిన ప్రశ్నే. 2020లో కోక్రేన్ వారు 27 అధ్యయనాలను, 10,565 మంది ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. పూర్తిగా మానేసి ఉండడంలో, ఏ.ఏ.కు దారి చూపే పద్ధతులు మిగతా పేరున్న చికిత్సల కంటే మెరుగ్గా ఉన్నాయని తేల్చారు. అందరికీ పనిచేస్తుందని మాత్రం ఎవరూ అనలేదు. మందులతో, కౌన్సెలింగుతో మానినవాళ్ళూ ఉన్నారు. రెండూ కలిపి చేసుకోవచ్చు, తప్పు లేదు. అసలు మన దౌర్భాగ్యం వేరే. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో తాగేవారు దాదాపు 16 కోట్లు. అందులో 5.7 కోట్ల మందికి తాగుడు ఒక సమస్య అయి కూర్చుంది. పూర్తిగా బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందుతున్నది ఒక్కడికి. మిగతా 37 మంది మన వీధుల్లోనే ఉన్నారు.

మన రాష్ట్రంలో తాగుడు మీద పోరాటం అంటే షాపు మూయించడమే అనుకుంటాం. అది చిన్న పోరాటం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుంటూ సారా దుకాణం మూయించారు. మన జిల్లావారే అయిన కోట్ల విజయభాస్కరరెడ్డిగారు ముఖ్యమంత్రిగా ఉండగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. 2019 అక్టోబరులో సర్కారు షాపులు, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టరు. ధర పెరిగిన కాలంలో మా పడమటి పల్లెల్లోకి కర్ణాటక పాకెట్లు సంచుల్లో వచ్చేవి. ఇన్ని జీ.వో.లు వచ్చినా, మూసిన షాపు ముందు నిలబడి వణుకుతున్నవాడు ఏం చేయాలో ఏ జీ.వో.లోనూ లేదు. 2020లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. షాపు మూయించడం, మనిషికి ఒక గది చూపించడం, ఈ రెండూ వేరు వేరు పనులు. రెండోది చేయడానికి ప్రభుత్వం అక్కరలేదు.

ఇంట్లో వాళ్ళ మాట కూడా చెప్పాలి. మామ తాగిన రోజుల్లో అత్త సీసా దాచేది, మేస్త్రీకి ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పేది, అప్పులవాళ్ళకు ముక్కుపుడక తాకట్టు పెట్టి కట్టేది. ఆమె బతుకంతా ఆయన తాగుడు చుట్టూ తిరిగింది. ఇటువంటి ఇంటివాళ్ళ కోసం 1951లో అల్-అనాన్ అని వేరే సంస్థ ఏర్పడింది. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు బిల్ విల్సన్ భార్య లోయిస్. తాగించింది నువ్వు కాదు, మాన్పించడం నీ చేతిలో లేదు, నీ తిండి నిద్ర నువ్వు చూసుకో అని అక్కడ చెబుతారు. అత్తకు మొదట ఇది మింగుడు పడలేదు. ‘మొగుడు చెడిపోతాంటే నేను కడుపునిండా తిని పండుకోవల్నా?’ అంది. ఇప్పుడు మాత్రం ఫోన్ దగ్గర పెట్టుకుని అబద్ధం చెప్పడం మానేసింది. అది ఆమెకు చిన్న విషయం కాదు.

బెంగళూరు నుంచి తిరిగొచ్చాక అసలు కష్టం మొదలైంది. నగరంలో రోజూ మీటింగు. ఇక్కడ? 2020 లాక్‌డౌన్ తరువాత ఫోన్‌లో జరిగే మీటింగులు బాగా పెరిగాయి. మామ రాత్రి మగ్గం మీద కూర్చుని చెవిలో పెట్టుకుని వినేవాడు. కాని ఫోన్‌లో టీ లేదు, భుజం మీద చేయి లేదు. అప్పుడు ఆసుపత్రి ఓ.పి. క్యూలో పరిచయమైన ఆదోని ఆయన గుర్తొచ్చాడు. పత్తి మార్కెట్ యార్డులో హమాలీ. ఆయన తాగుడు మాని అప్పటికి రెండేళ్ళు. ఏ.ఏ. కట్టుబాట్లలో ఒకటి, తాగకుండా ఉండడం కోసం ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుంటే చాలు, అదే ఒక గ్రూపు అంటుంది, వేరే దేనికీ అనుబంధంగా లేకపోతే సరి. ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ దూరం 30 కిలోమీటర్ల లోపు. ఆదివారం యార్డుకు సెలవు. నాలుగు గంటలకు అని పెట్టుకున్నారు, ఒక వారం అక్కడ, ఒక వారం ఇక్కడ.

నాలుగో నెలలో, నీలకంఠేశ్వర జాతరలో, మామ మళ్ళీ తాగాడు. మూడు రోజులు తాగాడు. ఆదివారం వస్తే ముఖం చూపించలేనని తలుపు వేసుకున్నాడు. హమాలీ ఆయన మొదటి బస్సుకే దిగి, గడప మీద కూర్చున్నాడు. కోప్పడలేదు, నీతులు చెప్పలేదు. ‘అన్నా, లెయ్యి. ముఖం కడుక్కో. వారమాయె గదా మాట్లాడుకోక’ అన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలైంది. ఇది రాసేనాటికి మామకు పదకొండు నెలలు. పోగు పొద్దున పూటే అతుకుతోంది. గ్రూపులో ఇప్పుడు అయిదుగురు. ఆ వచ్చిన ముగ్గురిలో ఒకాయన రిటైరైన మాస్టారు, ఒకడు ఆటో కుర్రవాడు. అయిదో మనిషి గురించి నేను రాయకూడదు, ఒప్పుకోలేదు.

ఇక విద్యార్థులుగా మనం చేయగలిగింది. ఆదివారం ఖాళీగా ఉండే గది ఒకటి, గంటన్నర సేపు. వారం తప్పకుండా తాళం తీసేవాడు ఒకడు. ఎవరూ రాకపోయినా తెరవాలి, ఎందుకంటే ఆరు వారాలు గేటు దగ్గరి దాకా వచ్చి వెనక్కి పోయినవాడు ఏడో వారం లోపలికి వస్తాడు. ఆ రోజు తాళం వేసి ఉండకూడదు. మీటింగు మనం నడపకూడదు, అది వాళ్ళ పని. మనలో ఎవరికైనా ఆ సమస్య ఉంటే కుర్చీ ఉంది, లేకపోతే టీ పెట్టి బయట కూర్చోవడమే. ఫోన్ నంబర్లు చిన్న చీటీ మీద రాసి మందుల షాపులో, మంగలి షాపులో ఇవ్వండి. ఎన్.ఎస్.ఎస్. మిత్రులకు మాత్రం ప్రత్యేక విజ్ఞప్తి: బ్యానరు కట్టవద్దు, శాలువా కప్పవద్దు, పేపరువాళ్ళను పిలిచి ఫోటో అసలు తీయవద్దు.